రిజర్వాయర్ అడుగున గడప

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా ఉందని ఒప్పుకోను. హాస్టల్లో అందరూ దయ్యం సినిమా చూసొచ్చి ఒకే మంచం మీద ముడుచుకుంటే, ఖాళీ అయిన మంచం మీద హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్న రకం నేను. మా అత్తయ్య ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తానంటే స్మోక్ అలారం మోగుతుందని ఆపేసేదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరైనా చెబితే ముందు నవ్వేది నేనే.

అప్పుడు మేం నార్త్ కరోలినాలో, క్యారీలో ఉండేవాళ్ళం. మా ఆయన కిరణ్‌కి లేఆఫ్ అయింది. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళకి లేఆఫ్ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. అరవై రోజుల గ్రేస్ పీరియడ్ అయ్యేలోపు ఇంకో కంపెనీ మన తరఫున వీసా పిటిషన్ ఫైల్ చేయాలి, లేదంటే సామాన్లు సర్దుకోవాలి. నాది డిపెండెంట్ వీసా. సంపాదించే దారి నాకు లేదు.

నా దిగులంతా ఇంటి గురించే. ఉద్యోగం పోతే ఇంకోటొస్తుందని కిరణ్‌కి ధైర్యం చెప్పేదాన్ని గానీ, ఇల్లు తలుచుకుంటే నాకే ధైర్యం చాలేది కాదు. పెద్ద ఇల్లేం కాదు. కొని రెండేళ్ళు కాలేదు. వంటగది గోడలకి రంగు నేనే వేశాను, ఒక మూల సరిగ్గా అంటుకోక మచ్చలు మచ్చలుగా ఉండేది. ఆ మచ్చలంటే కూడా నాకు ఇష్టమే.

మా అత్తయ్య విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. ఆవిడది కర్నూలు వైపు. ఫోన్‌లో చెల్లెలితో మాట్లాడితే స్పీకర్ అక్కర్లేదు, వీధి చివరికి వినిపిస్తుంది. కిరణ్ ఇంటర్వ్యూలు నడుస్తుంటే ఇంట్లో ఆవిడ్ని ఆపడం నా వల్ల కాలేదు. అందుకని మధ్యాహ్నాలు కార్లో ఎక్కించుకుని దగ్గర్లో ఉన్న రిజర్వాయర్‌కి తీసుకెళ్ళేదాన్ని. దాని చుట్టూ అడవిలోంచి నడకదారి ఉంది. చెట్లకి నీలం రంగు గుర్తులు వేసి ఉంటాయి, వాటిని పట్టుకుని నడుచుకుంటూ పోవడమే.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. నదికి డ్యామ్ కట్టినప్పుడు ఈ లోయలో ఉన్న పొలాలు, ఇళ్ళు ఖాళీ చేయించారని దాని మీద రాసుంది. మొదటిరోజు అత్తయ్యకి చదివి చెప్పాను. ఆవిడ ఆ బోర్డు దగ్గరే నిలబడిపోయారు.

ఎందుకంటే ఆవిడది కూడా ముంపు గ్రామం. కృష్ణ నీళ్ళలో మునిగిపోయింది. అప్పటికి ఆవిడ చిన్నపిల్ల. ఊరు వదిలిన రోజు వాళ్ళమ్మ ఇల్లంతా ఊడ్చి, కడిగి, గడపకి పసుపు రాసి, ముగ్గేసి మరీ బండెక్కిందట.

"నీళ్ళల్లో మునిగే ఇంటికి కడిగేది దేనికని నేను అరిచినా. మురికిగా పెట్టి పోతామా అనింది మాయమ్మ," అన్నారు.

ఆ ఏడు వానల్లేవు. ఆకులు రాలే కాలానికి రిజర్వాయర్ నీళ్ళు బాగా లోపలికి వెళ్ళిపోయాయి. మేం నడిచే దారి కింద ఎర్రమట్టి నేల బయటపడింది. ఆ రోజు మబ్బుగా ఉంది, మనుషులెవరూ లేరు. ఒక మలుపు తిరగ్గానే అత్తయ్య ఆగిపోయారు. కింద మట్టిలో రాతి మెట్లు కనిపించాయి. మెట్ల పైన గడప రాయి. దాని వెనక చతురస్రంగా పునాది, అంతే. గోడల్లేవు, పైకప్పు లేదు.

మోకాళ్ళ నొప్పులని నా భుజం పట్టుకుని నడిచే మనిషి, నేను వద్దంటున్నా వినకుండా నాకంటే ముందు దిగిపోయారు. మెట్ల దగ్గరికి వెళ్ళి, వంగి, లేసులు విప్పి, స్నీకర్స్ పక్కన పెట్టారు.

నాకు నవ్వాగలేదు. "అత్తయ్యా, ఇక్కడ ఇల్లెక్కడుంది?"

"ఇల్లు లేకుంటే ఏమి, గడప ఉంది గదా," అని చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళారు. లోపల మట్టి ఇంకా మెత్తగా ఉంది. పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి. అది నేను కళ్ళారా చూశాను.

అప్పుడే కిరణ్ ఫోన్ చేశాడు. ఫైనల్ రౌండ్ దాకా వెళ్ళిన కంపెనీ కాదనేసింది. మాకున్న ఆశ అదొక్కటే. "అయిపోయింది శ్రావణీ," అన్నాడు. అత్తయ్యకి వినపడకూడదని దూరంగా వెళ్ళి, చెట్లవైపు తిరిగి నిలబడ్డాను. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చాను. మొహం తుడుచుకుని వెనక్కి తిరిగితే ఆవిడ మెట్టు మీద కూర్చుని, పాదాలు గాలికి ఆరబెట్టుకుంటున్నారు.

పాదాలు శుభ్రంగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో కూడా మట్టి లేదు. మడమల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కాళ్ళెక్కడ కడుక్కున్నారు?"

"ఆమె నీళ్ళు పోసింది."

"ఎవరు?"

"ఇంటామె. ఇల్లు కడుగుతా ఉంది పాపం. నన్ను చూసి బకెట్ తెచ్చి కాళ్ళ మీద పోసింది."

నేను తేలిగ్గా వదిలే మనిషిని కాను. నా బ్యాగ్‌లో నీళ్ళ బాటిల్ మూత కూడా తీయలేదు. రిజర్వాయర్ నీళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నాయి, మధ్యలో ఉన్నదంతా బురదే, అటువైపు ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. ఆవిడ పాదాల గుర్తులు గడప దాటి లోపలికి వెళ్ళి, మధ్యలో ఆగాయి. వాటి పక్కనే, అక్కడినుంచి గడప దాకా, నేలకి పరిచిన రాళ్ళు తేలి ఉన్నాయి, అప్పుడే కడిగినట్టు తడిగా, నల్లగా. నేను ఫోన్ ఎత్తేముందు అక్కడ రాళ్ళు కనపడలేదు. అంతా మట్టే.

షుగర్ పడిపోయిందేమోనని బిస్కెట్లు తినిపించాను. ఇంటికొచ్చి చెక్ చేస్తే మామూలుగానే ఉంది. భయపడ్డారా అంటే అదీ లేదు. కార్లో వస్తున్నప్పుడు మాత్రం కిటికీలోంచి చూస్తూ ఒక మాటన్నారు.

"మనం కూడా ఇల్లు కడిగి పెట్టుకోవాల."

కిరణ్ ఫోన్ సంగతి నేను అప్పటికింకా చెప్పలేదు. నా మొహం చూసి పసిగట్టారేమో. అలాగే అనుకుని ఊరుకున్నాను. తర్వాత వారం వానలు మొదలయ్యాయి, మళ్ళీ వెళ్ళేసరికి మెట్లు నీళ్ళ కింద ఉన్నాయి.

ఇంకే ఉద్యోగమూ రాలేదు. ఇల్లు అమ్మేశాం. చివరి రోజు పొద్దున్నే కిరణ్ అత్తయ్యని, సూట్‌కేసుల్ని ఫ్రెండ్ వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఏజెంట్ వస్తే తాళాలు ఇవ్వడానికి నేనొక్కదాన్నే ఉండిపోయాను. క్లీనింగ్ వాళ్ళు ఎలాగూ వస్తారు. అయినా నాకు చేతులూరుకోలేదు. గదులన్నీ తుడిచాను. రంగు సరిగ్గా అంటని మూల దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాను. వంటగది ఆఖరున తుడిచి, బకెట్ నీళ్ళు పారబోద్దామని వంటగదిలోంచి గరాజ్‌లోకి ఉన్న తలుపు తీశాను.

గరాజ్ ఖాళీ. పెద్ద షట్టర్ ఎత్తి ఉంది, బయట ఎండ కాస్తోంది. పొడి సిమెంట్ నేల మీద డ్రైవ్‌వే నుంచి తడి అడుగులు పడి ఉన్నాయి. చెప్పుల్లేని పాదాలు. అంచులకి ఎర్రమట్టి. తలుపు ముందు మెట్టు దగ్గరికొచ్చి, రెండు పాదాలూ పక్కపక్కన ఆగాయి. వెనక్కి వెళ్ళిన గుర్తులు లేవు.

నా పాదం పక్కన పెట్టి చూశాను. అవి నావాటికంటే చిన్నవి. ఎర్రమట్టి ఆ ఊళ్ళో ఎక్కడైనా ఉంటుంది, లాన్ కోయడానికి వచ్చినవాళ్ళెవరో అయ్యుంటారని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే లోపలికి వెళ్ళి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్న దేవుడి దగ్గరి చెంబు తీసి, కుళాయి కింద నింపాను. భయంతో కాదు. గుమ్మం ముందు మట్టికాళ్ళతో ఎవరైనా నిలబడితే చేసే పనే చేశాను.

వంగి, ఆ గుర్తుల మీద నీళ్ళు పోశాను. నీళ్ళు నేలకి తగలకముందే, జానెడు ఎత్తులో, దేనికో తగిలి రెండు పాయలుగా విడిపోయాయి. కింద పడేసరికి ఎర్రగా ఉన్నాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను, నీళ్ళు తేటగా వచ్చేదాకా.

ఇప్పుడు హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఈ సంగతి కిరణ్‌కి చెప్పలేదు, అత్తయ్యకీ చెప్పలేదు. దీనికి ఏ కారణం చెప్పుకున్నా నాకే సరిపోవడం లేదు.

ఆ రోజు చెంబు కింద పెట్టి, వంటగది తలుపు బార్లా తెరిచి, దారివ్వడానికి నేను పక్కకి జరిగాను. కాసేపయ్యాక తిరిగి చూస్తే, నేను తుడిచిన నేల మీద లోపలికి వెళ్తున్న తడి అడుగులున్నాయి. వాటికి మట్టి లేదు.