ముంజేతి మీద గిరి

మునిరత్న ఎడమ ముంజేతి మీద 'గిరి' అని పచ్చబొట్టు ఉండేది. ఇరవై ఏళ్ల కిందట కాణిపాకం తిరునాళ్లలో పొడిపించుకుంది. అప్పటికామె నర్సింగు చదువుతోంది, కొత్తగా పెళ్లయింది. ముందు ఆమె చేతికి భర్త పేరు, తర్వాత అతని చేతికి ఆమె పేరు అనుకున్నారు. ఆమె చేతి మీద రక్తపు చుక్క చూసి గిరి వెనక్కి తగ్గాడు.

"వచ్చే ఏడు పొడిపించుకుంటాలే మే. నాకు సూదంటే భయం."

భర్త పేరు పలకని ఇంట్లో పెరిగింది మునిరత్న. రేషన్ కార్డు గుమాస్తా అడిగినా చేయి చాపి చూపించేది.

తొమ్మిదేళ్లుగా గిరి బంగారుపాళ్యంలో వేరే ఆమెతో ఉంటున్నాడు. మునిరత్న తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఒంటి గదిలో కాపురం. బీపీ చూస్తుంటే మంచం మీది వాళ్లు ఆ పేరు చదివేవారు.

"గిరి ఎవురమ్మా?"

"మా ఆయన."

"యాడుంటాడు?"

"బంగారుపాళ్యంలో. మామిడికాయల లారీ తోల్తాడు."

"ఆదివారం వస్తాడా?"

"వస్తాడు."

అందులో ఆఖరి మాట ఒక్కటే అబద్ధం. గదికి చేరాక ఆ పేరు ఎత్తేవాళ్లు లేరు. పూతలపట్టులో ఉన్న అక్క ఫోనులో కూడా ఎత్తదు.

నిరుడు ఆసుపత్రిలో కొత్త నిబంధనలు పెట్టారు. రోగుల దగ్గర పనిచేసేవారి పచ్చబొట్లు కనిపించకూడదు. మోచేతి దాకా చేతులు కడగాలి కాబట్టి పొడుగు చేతుల చొక్కా కుదరదు. మునిరత్న ప్లాస్టరు అంటించింది. కడిగినప్పుడల్లా తడిసి, మూడో రోజు ఒక రోగి ఇడ్లీ ప్లేటులో ఊడి పడింది.

నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేసీ పిలిచింది.

"లేజరుతో తీయించుకో రత్నా. లేకుంటే కింద రికార్డు రూముకు పో. ఆడ నిన్నెవురూ సూడరు."

"ఆ రూములో మనుషులే ఉండరు కదా మేడం."

"ఉండే మొగుడా ఏమన్నా? వాని పేరు కోసరం వార్డు వదులుకుంటావా?"

మునిరత్న వార్డే కోరుకుంది. లేజరు ఆరుసార్లు చేయించాల్సి వచ్చింది. పొడిపించుకున్నప్పటి కన్నా నొప్పెక్కువ. ముందు గుడులు పోయాయి, తర్వాత అక్షరాలు. తెల్లటి మచ్చ మిగిలింది. వార్డులో ఆమెను గిరి గురించి అడగడం మానేశారు. సెలైన్ ఎప్పుడైపోతుందని మాత్రం అడిగేవారు.

మొన్న చిత్తూరు నుంచి దేవకమ్మ అనే ముసలావిడ తుంటి ఆపరేషనుకు వచ్చింది. మునిరత్న మాత్రలిస్తుంటే, మచ్చ ఉన్న ఆమె ఎడమ చేతిని పట్టుకుంది.

"కాలిందా మే?"

"నూనె చిందిందవ్వా."

"అయ్యో! మీ ఆయన మందన్నా పూసినాడా లేదా?"

"పూసినాడు."

"మంచోడే. పేరేంది?"

మునిరత్న అలవాటుగా చేయి చాపబోయి ఆగింది. అవ్వ ఆమె ముఖం వైపే చూస్తోంది.

"గిరి," అంది మునిరత్న.

"గట్టిగా చెప్పు మే, నాకు చెవుడు."

ఇంకోసారి చెప్పింది. పక్క మంచం మీదావిడ కూడా తల తిప్పి చూసింది.