డోరతీ వాళ్ళ అమ్మమ్మ ఉత్తరాలు

ఈ ఉదయం, మేమిప్పుడుంటున్న స్కోఫీల్డ్స్‌లో, మా పక్కింటివాళ్ళు పెరట్లో కట్టెలు రాజేసినట్టున్నారు. యూకలిప్టస్ పొగ వంటింట్లోకి కొట్టింది. "మమ్, క్లోజ్ ద విండో!" అని మా అమ్మాయి కసిరింది. నేను మూయలేదు. సరిగ్గా ఇదే వాసనతో ఉండే వంటింట్లో ఒక చలికాలమంతా టైపు కొట్టాను నేను.

అప్పటికి ఎనభైల చివర. మా ఆయన విక్టోరియా రాష్ట్రంలో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు. మనుషుల కంటే గొర్రెలెక్కువున్న ఊరు. బాపట్ల ఎండల్లో పెరిగినదాన్ని, ఇక్కడ చలికాలమైన జులైలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని గడగడలాడేదాన్ని. మాట్లాడదామంటే మనిషి లేడు. మా ఆయన డ్యూటీ నుంచి వస్తే తిని పడుకోవడమే. పక్కింట్లో డోరతీ, ఎనభై ఏళ్ళ ఒంటరి మనిషి. పేరుపెట్టి పిలవమంటుంది. అంత పెద్దావిణ్ణి పేరుతో పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? "ఆంటీ" అన్నాను. "నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యాను, లవ్?" అని పడీపడీ నవ్వింది. తర్వాత మాత్రం డోరతీ అంటే పలికేది కాదు!

ఆవిడ దగ్గర ఒక రేకుపెట్టె ఉండేది. నూరేళ్ళకు పైబడ్డ ఉత్తరాలు, వాళ్ళ అమ్మమ్మ తన చెల్లెలికి రాసినవి. డోరతీ కళ్ళకు శుక్లాలు కమ్మి ఒక్క అక్షరం ఆనేది కాదు. నేను ఇంగ్లీషు బి.ఏ. అని తెలిసి, చదివి టైపు చేసిపెట్టమంది. ఆ ఉత్తరాల్లో సంతోషమైనా కష్టమైనా ఒకే తీరు. "నాలుగు రోజులుగా మంచు. బక్కెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. జాన్‌కి దగ్గు తగ్గింది. ఈనుతూ రెండు గొర్రెలు పోయాయి. మేరీకి కొడుకు పుట్టాడు." జాన్ అంటే ఆవిడ భర్త. నాకేమో ఇదంతా చప్పగా తోచి, గొర్రెల దగ్గర "ఎంతో దుఃఖంతో తెలియజేస్తున్నాను" అని కలిపాను. చదివి వినిపించగానే డోరతీ చెయ్యెత్తి ఆపింది.

"దుఃఖమని ఆవిడ రాసిందా?"

"లేదు ఆంటీ."

"మరి మధ్యలో నువ్వెందుకు ఏడుస్తున్నావు? తీసెయ్."

తీసేశాను. ముఖం మాడ్చుకునే తీసేశాను.

ఆవిడకి కావలసింది ఆ ఉత్తరాల్లో ఒకటే ఉంది. వాళ్ళమ్మ కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందట. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. "నేను పోయేలోగా ఆ పిల్ల పేరు తెలియాలి" అనేది. ఆ మాట కోసమే రోజూ తన వంటింట్లో కట్టెల పొయ్యి పక్కన చెవులు రిక్కించి కూర్చునేది.

ఓ సాయంత్రం నాలుగు ఉత్తరాలు ఇంటికి తెచ్చుకున్నాను. మూడోదాంట్లో దొరికింది. "వారమంతా వాన. మన ఎలెన్ మంగళవారం పోయింది. గొయ్యిలో నీళ్ళు ఊరుతుంటే జాన్ రెండుసార్లు తోడిపోశాడు. ఆవు పాలు బాగానే ఇస్తోంది." నాకప్పుడు ఐదో నెల. మా వైపు చావు కబురు ఉత్తరం చదవగానే చింపేస్తారు, గడప లోపల ఉంచరు. ఇది చింపేది కాదు. అలాగని కడుపుతో ఉన్నదాన్ని, ఇంట్లో పెట్టుకునేదీ కాదు. వరండాలో బెంచీ మీద పెట్టి, పైన ఇటుక పెట్టి, లోపలికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను. తెల్లారేసరికి ఈదురువాన వరండా అంతా తడిపేసింది. కాగితం మీద నీలం మరకలు తప్ప ఏమీ లేవు. నా బుద్ధి గడ్డి తిన్నదని తిట్టుకున్నాను.

వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆచారం, నా భయం, ఇటుక, వాన. డోరతీ ఆ తడికాగితాన్ని ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడిమింది. నన్నింకెప్పుడూ గుమ్మం తొక్కనివ్వదనే అనుకున్నాను.

"నువ్వు చదివావా?"

"చదివాను. పేరు ఎలెన్."

"ఎలెన్" అంది. ఇంకోసారి అంది. తర్వాత వాళ్ళ పాత బైబిలు నాచేత తెప్పించి, ఇంటివాళ్ళ పుట్టుకలు, చావులు రాసుకున్న మొదటి పేజీ తెరిచింది. "నాకు కనపడదు. నువ్వు రాయి."

పెన్ను తీసి మళ్ళీ పెట్టేశాను. కడుపులో బిడ్డతో, చచ్చిపోయిన బిడ్డ పేరు! మా అమ్మ చూస్తే గుండె బాదుకునేది.

"పేరు రాస్తే ఎవరూ చావరు, లవ్. రాయకపోతేనే రెండోసారి పోతారు" అందావిడ, మామూలుగా, టీ పెట్టమన్నంత మామూలుగా.

రాశాను. ఆ ఉత్తరం ఎవరివల్ల ఎలా తడిసిందో కూడా కింద రాయించింది, నా పేరుతో సహా. అప్పుడడిగింది, "ఇంకేం రాసింది అమ్మమ్మ?" అని. ఆవు పాలు బాగానే ఇస్తోందట అన్నాను. డోరతీ నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ రోజు ఆవిడ నన్ను ఆపలేదు.

ఆ వారమే అమ్మకి ఉత్తరం రాశాను. నాకంటే ముందు ఒక పాప పుట్టి పోయిందని మా అమ్మమ్మ ఒకసారి నోరుజారింది. ఇంట్లో మళ్ళీ ఆ ఊసే లేదు. "ఆ పాప పేరేంటమ్మా?" అని అడిగాను. పోస్టులో వేశాక, ఎందుకు రాశానురా దేవుడా అని భయపడ్డాను. నెల దాటాక జవాబొచ్చింది.

"దాని పేరు సుభద్ర. నాలుగు నెలలు బతికింది. నీకంటే గొంతు పెద్దది. ఇన్నేళ్ళలో దాని పేరు అడిగింది నువ్వొక్కదానివే. ఒట్టిమనిషివి కావు, ఇది చదవగానే చింపెయ్యి."

చింపలేదు. నా బీరువాలోనే ఉంది.