సారక్క నాగలి పట్టిన ఏడాది

డెబ్బైరెండులో మెట్‌పల్లి దగ్గరి ఆ ఊళ్ళో గట్టి వాన ఒక్కటే పడింది, అదీ ఆదివారం నాడు. ఊరి మగవాళ్ళు మాత్రం విత్తనం వెయ్యకుండా చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. పంచాంగంలో మంచిరోజు ఇంకా నాలుగు రోజులకు, బేస్తవారమట! వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది.

సారక్క మొగుడు పోశం బొగ్గుబాయి పనికి పోయి మూడు నెలలైంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, గంపెడు విత్తనపు జొన్నలు మిగిలాయి. అవి నేల తడి ఆరకముందే, పదునులో పడితే తిండి, లేకుంటే పస్తులు.

"బావా, ఎడ్లున్నయి, నాగలున్నది. జర ఒక్కరోజు దున్ని పెట్టు. పదును ఆరిపోతున్నది," అని సారక్క మొగుడి అన్న అంకయ్యను బతిమాలింది.

"బేస్తారం దాక ఆగు. ఆడదానివి, నీకేం ఎరుక?"

ఎరుక లేదు మరి! పదిహేనేళ్ళుగా విత్తనం దాచిందీ, కలుపు తీసిందీ, కోత కోసిందీ ఎవరో! ఆ ఊళ్ళో ఆడది పేడ ఎత్తొచ్చు, రాళ్ళు మొయ్యొచ్చు, నాగలి మాత్రం ముట్టరాదు. ముడితే వాన వెనక్కి పోతుందట. సోమవారం పొద్దున్నే సారక్క కొంగు నడుముకు బిగించి ఎడ్లను కట్టింది. సాలు దున్నుతూ, మళ్ళీ వెనక్కొచ్చి గింజలు వదులుతూ రెండు రోజుల్లో ఎకరం ముగించింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

బేస్తవారం మగవాళ్ళు కొబ్బరికాయ కొట్టి, ఎండిన దుమ్ములో దర్జాగా విత్తారు. ఆ తర్వాత చేను తడిసేంత చినుకు పడితే ఒట్టు. ఊరంతా బీడు. సారక్క చేను ఒక్కటే పలచగానైనా కంకి వేసింది.

జొన్నలు ఇంటికొచ్చిన వారానికి పోశమూ వచ్చాడు. వెనకే పంచాయితీ.

"నీ పెండ్లాం నాగలి ముట్టవట్టే వాన పోయింది. గా పాపపు పంట ఇంట్ల ఉండొద్దు, ఊరికి పంచాలె," అన్నాడు అంకయ్య.

పాపపు పంటట, పంచుకు తింటారట! సిగ్గన్నా లేదు.

పోశం తల గోక్కుని, "పెద్దలు చెప్పినట్టే కానీయ్," అన్నాడు. సారక్క మొగుడి వంక ఒక్క చూపు చూసి, పంచాయితీ వైపు తిరిగింది. ఇన్ని నెలలు ఎదురుచూసింది ఈ మనిషి కోసమా!

"పంచుత. ఆడోళ్ళను, పిల్లలను పంపుండ్రి. పాపం మొగోళ్ళకెందుకు?"

ఆడవాళ్ళు చాటలతో వచ్చారు, అంకయ్య పెండ్లాం అందరికంటే ముందు. తలా సోలెడు పోసి, మిగిలింది కుండలకెత్తి, సారక్క రొట్టెలు చేసింది. పిల్లలకు పెట్టింది. పెండ్లయిన ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుడికంటే ముందు తన కంచం పెట్టుకుని కూర్చుంది.

"నాకేదే?" అన్నాడు పోశం.

"నీకు పాపం తగుల్తది," అని సారక్క రొట్టె తుంచి కారంలో అద్దుకుంది.