నీళ్ల మీదికి నెట్టిన నొప్పులు

మా ఊళ్లో మోకాలు నొస్తే నీళ్లు, నడుం వంగితే నీళ్లు, పళ్లు పచ్చబడితే నీళ్లు. కేతేపల్లి దిక్కు ఊరు మాది. ఫ్లోరైడ్ అనే మాటను మా దగ్గర బడి మొఖం చూడనివాళ్లు కూడా తప్పులేకుండా పలుకుతారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నా చదువంతా పాత పేపర్లు, ఒక డిక్షనరీ, నా దరఖాస్తులకు ఆఫీసులు రాసిన జవాబులు. జవాబులు తక్కువే వచ్చాయి కాబట్టి చదువూ అంతంత మాత్రమే.

బోరునీళ్లు సీసాలో పట్టుకొని నల్లగొండ ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాను. ఒక ఆఫీసరు సీసాను కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, "తేటగానే ఉన్నయి గద" అన్నాడు. ఆయన మొఖమే కాదు, ఆయన గదిలో పంకా చప్పుడు కూడా నాకు గుర్తుంది. విషం రంగేసుకొని వస్తుందా? తెలంగాణ వచ్చాక నాలుగైదేళ్లకు మా ఇంటి ముందు నల్లాలో నదినీళ్లు పడ్డాయి. మా ఇంటావిడ మొదటి బిందెకు పసుపు కుంకుమ పెట్టి, మైసమ్మ గుడి దిక్కు తిరిగి చాలాసేపు దండం పెట్టుకుంది. అంతసేపు ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ అని నేను అడగలేదు. నల్లా తిప్పడం, కట్టేయడం, మళ్లీ తిప్పడం, అదే నా పని ఆ రోజు.

ఆ తర్వాత ఐదారేళ్లకు ఆమెకు నీరసం పట్టుకుంది. వారం వారం అంగడికి నడిచిపోయి, కూరగాయల కంటే ఎక్కువ ముచ్చట్లు మోసుకొచ్చే మనిషి, పగలే గోడకు ఒరిగి కునుకు తీయడం మొదలుపెట్టింది. కాళ్లు తిమ్మిరి అనేది. ఒకరోజు దుకాణం దాకా పోయి ఒక కాలికే చెప్పుతో వచ్చింది.

"ఇంకో చెప్పేది?" అన్నాను.

కిందికి చూసుకొని, "అరే, ఎప్పుడు జారిందో," అన్నది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వెనక్కి నడిచి వెతికితే చెప్పు నడిబాటలోనే ఉంది. కాలికి చెప్పు ఉందో లేదో తెలియకుండా మనిషి అంత దూరం ఎలా నడిచిందా అని ఆ రోజు భయమేసింది.

ఆమెకు థైరాయిడ్ ఉంది. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న గోళీ, పదేళ్ల నుంచి. సరే, అదే తిరగబెట్టిందేమోనని పట్నం దవాఖానలో చూపిస్తే, రక్తం తీయించి రమ్మన్నారు. రక్తం తీసిన భాయ్ కాగితం చేతిలో పెట్టి, "రెండు అంచుల నడుమల్నే ఉన్నది చాచా నంబరు. నార్మల్. ఫికర్ చేయకు," అన్నాడు.

"కాయితం నార్మలే భాయ్. మనిషే నార్మల్ లేదు."

"నేను కాయితమే చూస్త చాచా," అన్నాడు. అతనిది న్యాయమైన మాటే. కానీ పరీక్ష రాసిచ్చిన డాక్టరు కూడా కాగితమే చూసి, వయసమ్మా అని పంపించేశాడు. ఆమెకంటే నాలుగేళ్లు పెద్దవాణ్ణి పక్కన నిలబడి ఉన్నాను. వయసు నన్ను వదిలేసి ఆమెనొక్కదాన్నే పట్టుకుందా?

బస్సులో వస్తూ తీర్పు నేనే చెప్పేశాను. ఇది నీళ్ల పనే. ఇప్పుడు నదినీళ్లు తాగితే ఏమిటి, నలభై ఏళ్లు తాగిన బోరునీళ్లు ఎముకల్లో కూర్చొని ఉన్నాయి. మందుల దుకాణంలో కాల్షియం గోళీలు కొన్నాను. మరిచిపోకుండా ఉండాలని రోజూ పొద్దున థైరాయిడ్ గోళీ, కాల్షియం గోళీ రెండూ కలిపి నేనే ఆమె అరచేతిలో పెట్టేవాణ్ణి. ఒక్క గుక్కలో రెండు పనులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు నెలలకు మళ్లీ రక్తం తీస్తే థైరాయిడ్ నంబరు పై అంచు దాటిపోయింది. తిమ్మిరి అట్లాగే ఉంది. ఆమె పరీక్ష కాగితాల దస్త్రం చంకన పెట్టుకొని ఈసారి నల్లగొండలో వేరే దవాఖానకు తీసుకుపోయాను. చిన్న వయసు డాక్టరమ్మ, కొత్తకోట దిక్కు పిల్ల. నేను నీళ్ల చరిత్ర మొదలుపెట్టి ఆఫీసరు పంకా దాకా వచ్చేసరికి ఆమె చేయి చాపింది.

"తాతా, దస్త్రం ఇటియ్యి. నువ్వు జర ఊపిరి తీస్కో."

కాగితాలు తిప్పింది. మా ఇంటావిడను కళ్లు మూసుకోమని, రెండు కొమ్ములున్న చిన్న ఇనుప కడ్డీని మోగించి, కాలి బొటనవేలికి ఆనించింది.

"జుమ్ముమంటాందా అవ్వా?"

"ఏం అంటలేదు బిడ్డా."

అదే కడ్డీని చేతికి ఆనిస్తే, "ఆఁ, గిప్పుడంటాంది" అన్నది.

డాక్టరమ్మ పాత కాగితం ఒకటి బయటికి తీసింది. "గీ వరుస కింద గీత ఎవరు కొట్టిండ్రు?"

"నేనే," అన్నాను. రక్తకణాల సైజు ఎక్కువ అని అందులో ఉంది. కణాలు పెద్దగున్నాయంటే బలంగా ఉన్నాయని సంతోషపడి గీత కొట్టాను.

ఆమె నవ్వు ఆపుకుంది. "బలం కాదు తాతా. బి పన్నెండు తక్కువైతే గిట్ల ఉబ్బుతయి. అదొక్కటే కారణమని కాదు గని, అవ్వ కాళ్లు కూడ అదే మాట చెప్తున్నయి. దాని పరీక్ష ఎవరూ రాయలేదు. ఐరన్ నిల్వ కూడ చూద్దాం. మరి థైరాయిడ్ గోళీ ఎట్ల ఏస్కుంటున్నవ్ అవ్వా?"

"ఈయన రెండు కలిపి పెడ్తడు. మింగుత."

నా తెలివి బయటపడింది. కాల్షియం పక్కనుంటే థైరాయిడ్ గోళీ ఒంటికి సరిగ్గా పట్టదట. రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలట. నంబరు దాటింది జబ్బు పెరిగి కాదు, నా చేతి చలవ వల్ల. "కానీ తాతా, నంబరు సక్కగున్నప్పుడు కూడ అవ్వకు తిమ్మిరి ఉన్నది గద. అందుకే థైరాయిడ్‌తోటి ఆగొద్దు," అన్నది.

ఇంకో పరీక్ష కాగితం వచ్చింది. ఐరన్ ఫర్వాలేదు. బి పన్నెండు అడుగంటింది.

"మాంసం, గుడ్డు తింటవా అవ్వా?"

ఆమె కంటే ముందు నేనే చెప్పాను. "ఎందుకు తినదమ్మా, ప్రతి ఐతారం మా ఇంట్ల కూర ఉడుకుతది."

"ఉడుకుతది," అన్నది మా ఇంటావిడ. "ఈయన తింటడు."

"మరి నువ్వు?"

"నల్లా వచ్చిన నాటి నుంచి ముట్టలే. నీళ్లొస్తే నీసు ఇడుస్తనని మైసమ్మకు మొక్కిన. పాలంటవా, నాకు వాసన పడది. చాయల ఓ చుక్క."

మా ఇంట్లో మగవాడు తిని లేచాకే ఆడమనిషి కూర్చుంటుంది. ఆమె కంచంలో ఏముందో చూసే పని నాకెప్పుడూ పడలేదు. బోరునీళ్లలో ఏముందో జిల్లాకంతా చెప్పినవాణ్ణి.

దారంతా వాదించాను. "మైసమ్మే కోళ్లు తింటది. నిన్ను తినొద్దంటదా?"

"ఆమె తినేది ఆమె ఇష్టం. కోడిని ఎవరన్న ఇస్తరు. నేను నా నోరు ఇచ్చిన."

"నీళ్లు తెచ్చింది నా దరఖాస్తులు."

"అట్లనే అనుకో. దరఖాస్తులకు జవాబే రాలే అంటివి గద."

మొక్కు మొక్కుగానే ఉంది. బి పన్నెండు సూదులతో నడిపిద్దామని డాక్టరమ్మ ఒప్పుకుంది. మొదట వెంట వెంటనే, తర్వాత నెలకొకటి. తిమ్మిరి పోవడానికి నెలలు పట్టొచ్చు, పూర్తిగా పోకనూ పోవచ్చు అని దాచకుండా చెప్పింది. కాల్షియం గోళీని మధ్యాహ్నానికి మార్చాను. ఇప్పుడు ఇద్దరం ఒక్కసారే తినడానికి కూర్చుంటున్నాం. "కంచంలకు తొంగి చూస్తవేంది, పోలీసోని లెక్క," అని రోజూ తిడుతుంది. చూస్తూనే ఉన్నాను. పెరుగు తినేలా చేయడానికి నెల పట్టింది.

థైరాయిడ్ నంబరు దారికొచ్చింది. భాయ్ మళ్లీ నార్మల్ అన్నాడు. ఈసారి నేను పోట్లాడలేదు, నమ్మనూ లేదు.

మొన్న అంగడికి ఇద్దరం నడిచిపోతున్నాం. సగం బాటలో ఆమె ఆగింది.

"జర భుజమియ్యి. చెప్పుల రాయి పడ్డది."

నా భుజం పట్టుకొని చెప్పు దులిపింది. జొన్నగింజంత రాయి కింద పడింది.

"గింత దానికే ఆగినవా?"

"గుచ్చుతాంది మరి. నీ చెప్పుల పడితే తెలుస్తది."

నేను వంగి ఆ రాయిని చూస్తూ ఉండిపోయాను.

"దాన్ని కూడ దస్త్రంల పెడ్తవా ఏంది?" అన్నది. "నడువు, అంగడి లేస్తది."