బకెట్ ఇచ్చే హోటల్

స్కూలు సెలవుల్లో పిల్లల్ని వెల్లింగ్టన్ తీసుకెళ్దామనుకున్నాం. రోటోటూనాలో మా ఇంటి నుంచి ఆరేడు గంటల డ్రైవ్. మా ఆయనకి కారు పార్కింగ్ ఉంటే చాలు. ఎనిమిదేళ్ల అమ్మాయికి బంక్ బెడ్ కావాలి. నా బెంగంతా నాలుగేళ్ల మావాడి గురించి. వాడు షవర్ కింద నిలబడడు. నెత్తిన నాలుగు చుక్కలు పడితే వీధంతా వినబడేలా ఏడుస్తాడు. ఇంట్లో బకెట్ పెట్టి, చెంబుతో నేనే పోస్తాను.

అక్కడ మాకు అందుబాటు ధరలో ఉన్న ఓ చిన్న హోటల్‌కి ఫోన్ చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తింది. బాత్‌టబ్ లేదు, షవరేనంది.

"పోనీ, ఒక బకెట్ ఇవ్వగలరా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవరికమ్మా?"

"మా అబ్బాయికి. నాలుగేళ్లు."

"అయ్యో. ఎన్నాళ్లుగా ఇలా?"

"పుట్టినప్పటి నుంచీ అంతేనండీ."

"రోజుకి ఎన్నిసార్లు?"

"పొద్దున ఒకసారి. ఎండాకాలమైతే సాయంత్రం కూడా."

"పాపం! డాక్టర్‌కి చూపించారా?"

స్నానానికి డాక్టరెందుకో నాకు అర్థం కాలేదు. ఈ దేశంలో అన్నిటికీ ఎవరో ఒక స్పెషలిస్టు ఉంటారులే అనుకుని, "పెద్దయ్యాక అదే పోతుంది. అయినా మా ఆయనకీ ఇప్పటికీ బకెట్ ఉంటేనే హాయి" అన్నాను.

"అయితే రెండు పెడతాను" అందావిడ, చాలా మెల్లగా.

ఇంత మర్యాద ఇంకెక్కడా దొరకదని, పై అంతస్తులో బంక్ బెడ్ ఉన్న గది అక్కడికక్కడే బుక్ చేసేశాను.

తీరా వెళ్తే మా గది మార్చేశారు. పై అంతస్తు కాదు, కింద, బయటి తలుపు పక్కనే. దుప్పట్ల కింద ప్లాస్టిక్ షీట్లు. బల్ల మీద ఉప్పు బిస్కెట్లు, గ్యాస్ పోయిన లెమనేడ్. మంచాల పక్కన రెండు ఎర్ర బకెట్లు. బంక్ బెడ్ ఉన్న గది చేజారిందని అమ్మాయి మూతి ముడిచింది.

ఆవిడ గుమ్మంలోనే ఆగి, "పొట్ట ఎలా ఉంది, నాన్నా?" అని మావాణ్ణి అడిగింది.

"ఖాళీగా ఉంది" అన్నాడు వాడు, బిస్కెట్ల మీద పడుతూ.

సంగతి ముందుగా అర్థమైంది మా అమ్మాయికే; ఇక్కడ వాంతులైన పిల్లలకి పెట్టేవి ఆ ఉప్పు బిస్కెట్లూ, గ్యాస్ పోయిన లెమనేడేనట. బకెట్ వాంతులకి కాదు, స్నానానికని ఆవిడకి విడమర్చి చెప్పింది. చెంబుతో పోసుకున్నట్టు చేసి కూడా చూపించింది.

ఆవిడ మా ఆయన వంక చూసింది. "ఈయన కూడానా?"

మా ఆయన కారులో ఏదో మరిచిపోయానంటూ వెళ్లిపోయాడు. ఆవిడ తలుపు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత వంటగదిలోంచి చెంబుకి బదులుగా కొలతల జగ్గు ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున బకెట్ నింపి పిలిస్తే మావాడు రానన్నాడు. "అది వామిట్ బకెట్! యక్!"

"కొత్తదిరా, కడిగాను కూడా" అని ఎంత బతిమాలినా వినలేదు. చివరికి తనంతట తానే షవర్ కిందికి దూరాడు. కళ్లు గట్టిగా మూసుకుని, హోటలంతా వినబడేలా కేకలు పెడుతూ స్నానం చేశాడు.

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? నిజంగానే ఒంట్లో బాగాలేదా?"

"అబ్బే, ఏం లేదండీ. నయమైపోయింది" అన్నాను.

అప్పటికే మా ఆయన బకెట్, జగ్గు తీసుకుని బాత్‌రూమ్‌లోకెళ్లి గడియ పెట్టుకున్నాడు.