ఉక్కుకు బదులు ఇనుము

బొలోత్ అబాకి మాత్రలు అమ్మింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. మా కొండ ఊళ్ళో మందుల కొట్టు నాదొక్కటే. నోరు పెద్దదన్న పేరూ నాదే.

అబా అంటే మాకు పెద్దాయన అని; ఆయన నలభై ఏళ్ళు గుర్రాల మందలు కాసిన మనిషి. చల్లటి నేల మీద కూర్చుంటే మగవాళ్ళకి మూత్రం జబ్బు చేస్తుందని మా వాళ్ళ నమ్మకం. అందుకని జీనుకు ఎప్పుడూ దళసరి ఉన్ని ముక్క ఒకటి కట్టుకుని తిరిగేవాడు. ఎక్కడ దిగినా అది పరచాకే కూర్చోవడం. అయినా డెబ్బై దాటాక మూత్రం నొప్పితో ఆగి ఆగి రావడం మొదలైంది.

"అనార్‌కుల్, చలి నన్ను మోసం చేసింది. వాపు తగ్గే బిళ్ళ ఉంటే ఇవ్వు" అన్నాడు.

డైక్లోఫెనాక్ ఇచ్చాను. ఇచ్చి ఊరుకున్నానా? వాపు మందులు వాడేవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువట, టీవీలో చెప్పారు అని కూడా అన్నాను. నేను విన్నదే సగం. ఆయనకి అదే చాలు. పొద్దున పాల టీతో ఒకటి, సాయంత్రం ఒకటి. నొప్పి తగ్గింది.

"నువ్వు డాక్టరువి కావలసినదానివి. నీ నోరే అడ్డొచ్చింది" అని మెచ్చుకున్నాడు.

ఆయన కోడలు జిపార్ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. మామగారి దగ్గర ఇలాంటి సంగతి ఎత్తడం మా కోడళ్ళకి కుదిరే పని కాదు. అందుకని యాభై దాటిన మగవాళ్ళందరికీ ప్రోస్టేట్ రక్తపరీక్ష అని బోర్డు పెట్టింది. వచ్చిన ఐదుగురితో మామగారినీ కలిపేసి, ఆరుగురి రక్తం జిల్లా ల్యాబుకు పంపింది.

తంటా అక్కడే వచ్చింది. మా కోడళ్ళు మామగారి పేరు పలకరు. ఇంటిపేరు ఆయన తండ్రి పేరు మీద వచ్చింది కాబట్టి అదీ పలకరు. బొలోత్ అంటే ఉక్కు. ఆ పేరు నోట రాకూడదని జిపార్ ఇరవై ఏళ్ళుగా ఉక్కు కత్తిని కూడా ఇనుప కత్తి అనే అంటోంది. మామగారి సంగతి చెప్పాల్సి వస్తే 'మా ఇనుమాయన' అంటుంది. ఇనుమంటే మా భాషలో తెమిర్.

ల్యాబు నుంచి ఫోన్ వచ్చేసరికి జిపార్ ఇంట్లో చుట్టాలకి టీ పోస్తోంది. అత్తామామలు అక్కడే ఉన్నారు, నేనూ ఉన్నాను. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకరులో పెట్టింది.

"కాగితం తర్వాత పంపుతాం. ముందు ఎవరి ఫలితం కావాలండీ?"

జిపార్ నీళ్ళు నమిలింది. "మా... తెమిర్‌ది."

"తెమిర్ కదా? రెండు. నాలుగు లోపే, భయం లేదు."

ఆ ఆరుగురిలో తెమిర్ అనే గొర్రెల కాపరి నిజంగానే ఉన్నాడు. అతని రక్తం తీసిందీ, సీసా మీద పేరు రాసిందీ జిపారే. కానీ ఆ పేరు వినగానే ఆమె మనసులో మామగారే మెదిలారు.

బొలోత్ అబా నావైపు చూసి కన్ను కొట్టాడు. "చూశావా నీ బిళ్ళ మహిమ!"

నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కాగితం రెండు నెలలకు చేరింది. తెమిర్‌కు రెండు. బొలోత్‌కు నలభై ఆరు. జిపార్ దాన్ని నా కొట్టులో బల్ల మీద పెట్టి కూలబడింది. అప్పటికే ఆయన నడుం నొప్పికని మూడో బిళ్ళ మొదలుపెట్టాడు. నేను ఇస్తూనే ఉన్నాను.

ఇద్దరం కలిసి ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన కొరడా పిడికి తోలు చుట్టుకుంటున్నాడు.

"అతా, బిష్కెక్ ఆసుపత్రికి వెళ్దాం. ఆ రెండు మీది కాదు" అంది జిపార్. మామగారిని మా కోడళ్ళు అతా, అంటే నాన్న, అని పిలుస్తారు.

"మరెవరిది?"

"తెమిర్‌ది."

"తెమిర్ అంటే నేనే కదే! ఇరవై ఏళ్ళుగా నువ్వే అంటున్నావు" అని పకపకా నవ్వాడు. అత్తగారూ నవ్వింది. "పైగా నాకు నొప్పేదీ?"

"బిళ్ళ వేసుకుంటే నొప్పి తెలియదు అతా." జిపార్ తలగుడ్డ సర్దుకుంది. "బొలోత్. బొలోత్ అసానోవ్. నలభై ఆరు. అది మీరు. నేను పేరు మింగబట్టి రెండు నెలలు పోయాయి."

"ఓసి సిగ్గులేనిదానా!" అని అత్తగారు లేచింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కొరడా పక్కన పెట్టాడు.

"కారు మాట్లాడండి" అన్నాడు.

రాజధాని బిష్కెక్‌లో డాక్టరమ్మ ముందు మాత్రల డబ్బా పెట్టింది నేనే. వాపుకీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం ఉందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయంది. ఆస్పిరిన్ వాడేవాళ్ళకి కాస్త తక్కువని కొన్ని తేల్చాయట, తేడా ఏమీ లేదని మరికొన్ని. "అంతమాత్రానికి వీటిని వైద్యం అనుకోమని ఎవరు చెప్పారు?" అని అడిగింది. పరీక్షల్లో మిగతాది తేలింది. బిళ్ళలు నొప్పిని కప్పిపెట్టాయి, కడుపులో పుండు చేశాయి. జబ్బు ఎముకల్లోకి పాకింది. పూర్తిగా నయం కాదు, ఇంజెక్షన్లతో కొన్నేళ్ళు అదుపులో ఉంచవచ్చు.

"రెండు నెలల ముందు తెచ్చి ఉంటే?" అంది జిపార్.

"చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ. జిపార్ అక్కడే ఏడ్చేసింది.

ఇంజెక్షన్ల గది దగ్గర పొడుగాటి వరుస. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "పేషెంటు పేరు?" అంది. బొలోత్ అబాకి నోరు ఉంది, పేరు తెలుసు. అయినా కోడలి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. ఈసారి ఇనుము అనకు."

వరుసలో మా వైపు ముసలాళ్ళు నలుగురున్నారు. జిపార్ వాళ్ళందరికీ వినబడేలా చెప్పింది. "బొలోత్ అసానోవ్."

ఆయన ఉన్ని ముక్క తీసి బెంచీ మీద పరిచి కూర్చున్నాడు. కొంచెం జరిగి, "కూర్చో" అన్నాడు. మామగారి పక్కన కోడలు కూర్చోవడమూ మాలో లేదు. జిపార్ కూర్చుంది.