పట్టుపురుగుల గదిలో చీజు

మా మిద్దె మీద నెలకో ఆదివారం సాయంత్రం నాలుగైదు దేశాలు వచ్చి కూర్చుంటాయి. పళ్ళెంలో చీజు ముక్కలు, బకెట్టు ఐసులో బీరు సీసాలు. అనంతపురంలో వాన కంటే ఇవే కాస్త క్రమం తప్పకుండా వస్తాయి.

సభ్యులం ముగ్గురం. డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పే నేను, ఇంట్లో లెక్కల ట్యూషన్లు చెప్పే మా ఆవిడ, ఏసీలు రిపేరు చేసే మా భాయ్. భాయ్ బీరు తాగడు. వాసన చూడడానికి మాత్రం మతం అడ్డు రాదని ఆయనే తీర్పు చెప్పుకున్నాడు. నిమ్మకాయ సోడా పక్కన పెట్టుకుని, మా గ్లాసులు ఒక్కొక్కటే ముక్కు దగ్గరకు తెచ్చుకుని వెనక్కిస్తాడు.

మాకున్నది ఒకటే నియమం. ఎవరూ "బాగుంది" అనకూడదు. పెళ్ళి భోజనాన్నీ బాగుందంటారు, నా పాఠాన్నీ బాగుందంటారు. కాబట్టి ఆ మాట మీద మాకు నమ్మకం లేదు. దేనిలా ఉందో చెప్పాలి. ఏళ్ళ తరబడి ఆరబెట్టిన హాలెండు చీజు, బెల్లం పాకం గీకిన మూకుడు అంచులా ఉంటుందని మా ఆవిడ చెప్పింది. ఫ్రాన్సుదొకటి, వానకు తడిసిన గోనెసంచి. "కానీ మంచింటి గోనెసంచి," అన్నాను నేను. ఐర్లండు నల్ల బీరు, అడుగంటిన అన్నంలో కాఫీ డికాక్షను. బెల్జియం గోధుమ బీరులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారని చదివి వినిపిస్తే భాయ్ గ్లాసు వాసన చూసి, "ధనియాలేసినాంక ఇంకేముంది అన్నా, రసమే గదా. తాళింపొకటి మర్చిపోయినారు పాపం," అన్నాడు.

బీర్లు ఈమధ్య మా ఊళ్ళోనే దొరుకుతున్నాయి. చీజు మాత్రం బెంగళూరు నుంచి ఐసు పెట్టెలో బస్సెక్కి రావాలి. ఒకసారి హిందూపురం దాటాక కండక్టరు నా సీటు దగ్గర ఆగి, "ఏమప్పా, ఆ పెట్టెలో ఏమన్నా సచ్చినాదా?" అని అడిగాడు. లేదన్నా, ఇంకా బతికే ఉంది అన్నాను. అది నిజమే, పైన బూజు పెరుగుతూనే ఉంది. ఆయన మాత్రం దిగేదాకా నన్నే చూస్తూ ఉన్నాడు.

ఇలా తిని తాగి ఊరుకునుంటే ఏ గొడవా లేదు. మా ఆవిడకు తనే చీజు చేయాలనిపించింది. లెక్కలు చెప్పీ చెప్పీ ఆమెకు విసుగు పుట్టింది. పాలు అయితే ఎదురు ప్రశ్న వేయవు కదా అనుకుంది. మొదటిసారి చేసింది నేలకేసి కొడితే ఎగిరింది. రెండోసారిది గిన్నెలోంచి పారి గచ్చు దాకా వచ్చింది. మూడోసారికి ముందు ఆమె మాతో తేల్చి చెప్పింది. "ఈసారిది మన పళ్ళెంలో ఆ ఫ్రాన్సు వాటి పక్కన పెడతా. ఏది నాదో చెప్పను. నిలబడితే ట్యూషన్లు మానేసి ఇదే చేసుకుంటా. నిలబడలేదనుకో, ఇంక ఎప్పుడూ పాలు విరగ్గొట్టను."

మా ఆవిడ ఒట్టు పెట్టదు. ఇలా మామూలుగా చెబుతుంది. దాంతో నాకు భయం ఎక్కువ.

చీజు పండాలంటే చల్లగా, చెమ్మగా ఉండే గది కావాలి. మా జిల్లాలో ఆ రెండూ ఒకే చోట దొరకాలంటే పట్టుపురుగులు పెంచే వాళ్ళింటికి పోవాలి. అదృష్టం కొద్దీ మా బావ, అంటే మా ఆవిడ అన్న, ధర్మవరం దగ్గర ఆ పనే చేస్తాడు. పిల్ల పురుగుల కోసం కట్టిన చిన్న గది ఒకటుంది. ఒక పంట అయిపోయి ఇంకో పంట రావడానికి మధ్యలో అది ఖాళీ. భాయ్ ఒక పాత ఏసీ తెచ్చి బిగించాడు, గోడలకు తడి గోనెలు కట్టాడు. మా ఆవిడ చెక్క పలకల మీద చీజు ముద్దలు వరసగా పేర్చి, "అన్నా, నేను చెప్పేదాకా తలుపు తీయొద్దు," అని వచ్చేసింది.

కొద్ది రోజులకు వాటి మీద తెల్లటి బూజు పట్టాలి. అదే దాని రుచి. ఆ సంగతి మాత్రం బావకు చెప్పలేదు. చెబితే గది ఇవ్వడు కాబట్టి.

పట్టుపురుగులు పెంచే ఇంట్లో తెలుపంటే ఎంత భయమో మాకు సగమే తెలుసు. సున్నపుకట్టు అని ఒక రోగముంది. పురుగు కొయ్యబారిపోయి, సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా బూజెక్కి చస్తుంది. ఒకదానికి వచ్చిందంటే షెడ్డు మొత్తం ఊడ్చుకుపోతుంది.

ఆ నెల వేరే రైతెవరో పిల్ల పురుగులు వద్దన్నారని, వాటిని బావకు వారం ముందే ఇస్తామని కబురొచ్చింది. గది కడుగుదామని పాపం ఆయన తలుపు తీశాడు. ఆ సాయంత్రం ఫోను చేశాడు.

"పాపా, దిగులు పడొద్దు. నీ పాలముద్దలకి సున్నపుకట్టు తగులుకున్నాది. అన్నీ బయటికి తీసి, గుంత తవ్వి, సున్నమేసి పూడ్చేసినా. నువ్వు కూడా వాటిని ముట్టుకున్యావు గదా, ఒళ్ళు బాగుండాదా?"

మర్నాడు పొద్దున పోయాం. షెడ్డు వెనక కొత్త మట్టి, దాని మీద తెల్లగా సున్నం. మైనస్ గుర్తు మర్చిపోయిన పిల్లల్ని గంటసేపు తిట్టే మా ఆవిడ, ఆ గుంత ముందు కూర్చుని పుల్లతో మట్టి గీకుతూ ఉంది. తిడితే బాగుండుననిపించింది. బావ ఆమె వెనకాల నిలబడి, పక్క తోటాయన పంట పోయినేడు ఎట్లా పోయిందో చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. అదే ఇబ్బంది.

"అన్నీ పూడ్చినావా అన్నా?" అంది చివరికి.

"ఒగటి శాంపిలుకు పంపిచ్చినా. ఏం రోగమో తెలుసుకోవద్దా?"

టౌనులో పట్టు శాఖ వాళ్ళకు టిఫిను డబ్బాలో పెట్టి పంపించాడట. పరుగెత్తాం. అక్కడున్న కుర్ర టెక్నీషియను మర్యాదగా లేచి డబ్బా చేతికిచ్చాడు. "ఇది పురుగు కాదు సార్," అన్నాడు. తెలుసన్నాను. మూత తీసి చూస్తే చీజు గుండ్రంగా, తెల్లగా, నవనవలాడుతోంది, ఒక పక్క ముక్క తప్ప.

"పరీక్షకు కొంచెం తీసినాం సార్."

"ఏం తేలింది?"

"చపాతీలోకి పర్వాలేదు సార్."

ఆ వారం బెంగళూరు పెట్టె కూడా వచ్చింది. చేసినవాటిలో మిగిలింది ఒక్కటే అయినా, దాంతోనే తేల్చుకుందామంది మా ఆవిడ. అన్నిటి తొక్కలూ తీసేసి, ఒకే కొలతలో కోసి, ఏది ఏ దేశమో తెలియకుండా పళ్ళెంలో సర్దింది. మేం మిద్దె మీద కూర్చునేసరికి మెట్ల దగ్గర బావ. పిలవలేదు. నష్టపరిహారంగా గోరుచిక్కుళ్ళు ఒక సంచి తెచ్చాడు. బీరు వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు. ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు.

మొదటి ముక్క ఇంగ్లండుదై ఉంటుందన్నాను. చింతపండు పడ్డ వెన్నలా ఉంది. రెండోది నీలి చారలది. దానికి తొక్క తీసినా వేషం దాగదు. భాయ్ కాస్త కొరికి సోడా మొత్తం తాగేశాడు. మూడోది మెత్తగా ఉంది. నడుమ కొంచెం సుద్దలా, అంచు దగ్గర ఒక చిటికెడు చేదు, కానీ ఆ రెండింటి మధ్య మీగడలా జారే చోటు ఒకటుంది. బెల్జియం బీరు ఒక గుక్క వేస్తే ఆ చేదు కూడా సర్దుకుంది. ఇంకో ముక్క తీసుకున్నాను.

"హాలెండు," అన్నాడు భాయ్, ఎప్పటిలాగే ధైర్యంగా.

"ఫ్రాన్సే. వయసు తక్కువ," అన్నాను నేను.

మా ఆవిడ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాకప్పుడు అర్థమైంది కానీ, మొగుడు చెబితే లెక్కలోకి రాదని నోరు మూసుకున్నాను.

"నువ్వూ చూడు బావా," అన్నాను.

"కుళ్ళిన పాలు నాకొద్దు బావా."

"పూడ్చేముందు రుచి చూసుంటే ఇంత దూరం వచ్చేది కాదు గదన్నా," అన్నాడు భాయ్.

అది తగిలినట్టుంది. లేచొచ్చాడు. నీలి చారలది నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి, కష్టపడి మింగి, "దీనికి షెడ్డంతా మందు కొట్టల్ల," అన్నాడు. ఇంగ్లండుదానికి తల అటూ ఇటూ ఊపాడు. మూడోది నమిలాడు. ఆగాడు. మళ్ళీ నమిలాడు.

"చెనిక్కాయ," అన్నాడు.

అంటే మా జిల్లా అంతా పండే వేరుశెనగ.

"ఇంకా పాలు పట్టుకోని ఉంటాది సూడు, లేత కాయ, చెట్టు పీకి అట్లే వలుచుకోని తింటే. ఆ తీపి. ఇది యా దేశం?"

"నీ గుంత తప్పించుకున్నది," అంది మా ఆవిడ. "మీ ఆవు పాలే. ఎండిన చెనిక్కాయ చెట్టు మేసే ఆవు."

బావ చేతిలో మిగిలిన ముక్క కేసి చూసి, అది కూడా నోట్లో పెట్టుకున్నాడు. చీకటి పడేసరికి పళ్ళెంలో మూడో వరస మాత్రం ఖాళీ అయింది.

"అన్నా, ఆ గది మళ్ళీ ఇస్తావా?" అని అడిగింది మా ఆవిడ.

"ఇయ్యను."

"బాడిగ ఇస్తా."

"బంగారమిచ్చినా ఇయ్యను. నీ బూజు నాకు తెలీదు, నా పురుగులకి తెలీదు. అదీ ఇదీ ఒక కప్పు కింద ఉండకూడదు." గోరుచిక్కుళ్ళ సంచి మూతి కాసేపు ముడేసి, విప్పి, మళ్ళీ ముడేశాడు. "తూర్పు చేన్లో మోటారు గది ఉండాది. నీళ్ళు పడతాయని ముందే కట్టినాము, బోరులో దుమ్ము తప్ప ఏం రాలేదు. రాతి గోడలు. ఎండాకాలం కుక్కలు ఆడనే పండుకుంటాయి. చూసుకుంటావా?"

పొద్దున్నే నలుగురం పోయాం. తాళం తుప్పు పట్టి రాకపోతే బావ రాయితో పగలగొట్టాడు. మా ఆవిడ లోపలికి పోయి గోడకు అరచెయ్యి ఆనించి చల్లదనం చూసింది. తర్వాత భాయ్‌ని పిలిచింది. ఏసీకి రంధ్రం యాడ కొట్టాలి, పలకలు ఏ పక్కకు రావాలి అని ఇద్దరూ వాదులాటలో పడ్డారు. ట్యూషను పిల్లలకు ఈ నెలతో ఆఖరని చెప్పమని లోపల్నుంచే నాకు చెప్పింది. సరేనన్నాను.

బావ నీళ్ళు రాని బోరు గొట్టం మీద కూర్చుని తన షరతులు వినిపించాడు. ఈడికి వచ్చిన గుడ్డలతో షెడ్డు వైపు రాగూడదు. స్నానం చేసి రావల్ల. గాలి పడమరకు తిరిగిన రోజు తలుపు తీయగూడదు. అన్నిటికీ లోపల్నుంచి "సరే అన్నా," అని వినిపించింది.

"ఇంగొగటి, పాపా," అన్నాడు గొంతు కొంచెం తగ్గించి. "ఈసారి చేసేటప్పుడు నాలుగు ఎక్కువ చెయ్యి. పిల్లోళ్ళు అడుగుతాండారు."

బావ పిల్లలిద్దరూ తిరుపతిలో హాస్టల్లో ఉన్నారు. మేమెవరం ఆ సంగతి ఎత్తలేదు.